అకామా యెవరి చేతిది?

చొప్పదండి ప్రాంతపు పల్లెలలో దుబాయి యనునది ఒక్క పట్టణము పేరు కాదు. గల్ఫు దేశములన్నిటికిని అదియే పేరు. 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట అచట కట్టడములు ముమ్మరము కాగా, కరీంనగరు జిల్లా కూలీలును క్రమముగా అటు సాగిరి. మన దేశమున 1922 నాటి వలస చట్టమునకు బదులు క్రొత్తది 1983లో గాని రాలేదు. అదియు ఇచటినుండి పంపుటనే కట్టుబాటు చేసెను.

సౌదీలో బ్రతుకు అకామామీద నిలుచును. ఉండుటకును, పనిచేయుటకును అదియే ఆధారము. దానిని తెప్పించి, గడువు తీరకమున్నే రుసుము కట్టి పొడిగింపవలసినవాడు కఫీలు, అనగా పూచీ యజమాని. అప్పుచేసి విమానమెక్కినది కూలివాడు. చీటి మాత్రము యజమాని చేతిది. అతడు పొడిగింపక మానినను, పారిపోయెనని వ్రాసి యిచ్చినను, దోషి కూలివాడే యగును. అట్టివానిని మనవారు ‘ఖల్లివెల్లి’ యందురు. అరబ్బీలో ‘పోనిమ్ము’ అను పలుకు తెలుగున మనిషికే పేరైనది!

‘ఆజాదు వీసా’ యన్నప్పుడు మేమును అది నిజముగా స్వేచ్ఛయే యనుకొంటిమి. అందును ఏదో యొక కఫీలు పేరే యుండును. మఱియొకచోట పనిచేసినచో నేరము.

2021 మార్చి నుండి సౌదీలో, ఏడాది పనిచేసినవాడు యజమాని అనుమతి లేకయే కొలువు మారుటకు వీలు కలిగినది. ఆ సవరణ ఇండ్లలో పనిచేయువారికిని, గొఱ్ఱెల కాపరులకును వర్తింపలేదు. మన పల్లెలనుండి పోయి, ఎడారిలో మందలవెంట దిరిగినవారును కలరు.