నాగార్జునకొండ ప్రదర్శనశాల: మూలము, వ్యాఖ్యానము

వస్తుప్రదర్శనశాలకు పోయిన చూపరి శిల్పమును చూచును, శాసనపు పలకను చూచును. ఆ శిల్పమును ఆ గోడచెంతనే నిలుపుమని చెప్పినవారెవరు, దాని క్రింద ఈ మాటలే వ్రాయుమని నిశ్చయించినవారెవరు, నడుమనున్న నమూనాను ఏ ఆధారముతో చేయించిరి అను ప్రశ్నలు సాధారణముగా అతనికి తోచవు. చరిత్రకారులును రాతిని చదివినంత శ్రద్ధగా ఆ రాతిని చూపిన తీరును చదువరు. కాని ప్రదర్శనయు ఒక వ్యాఖ్యానమే, కావ్యమునకు టీకవంటిది. మూలములేనిది వ్రాయనని ప్రతిన చేసిన కోలాచల మల్లినాథసూరి వంటి వ్యాఖ్యాత దొరకిన కావ్యము ధన్యము. అంతటివాడు దొరకకున్నను పెద్ద ముప్పు లేదు. టీక తప్పినచో మూలము చూచి దిద్దుకొనవచ్చును. మూలము నీట మునిగినచోట నేమి చేయవలెను? అచట టీకయే మూలమై కూర్చుండును. నాగార్జునకొండ విషయమున జరిగినది ఇదియే.

నాగార్జునకొండకు ముందు మన శిల్పములను చూపిన తీరెట్టిదో తెలియుటకు అమరావతి గాథను కొంత స్మరింపవలెను. 1816 ప్రాంతమున మెకంజీ ఆ స్తూపమును కొలిపించి చిత్రములు వ్రాయించెను. పిదప 1830 ప్రాంతమున రాబర్ట్‌సన్ అను అధికారి కొన్ని పలకలను బందరునకు తరలించి, తాను కట్టించిన అంగడివీథిలో అలంకారముగా నిలిపెను. స్తూపపు శిల్పములకు దొరకిన తొలి ప్రదర్శనశాల ఒక సంతబయలన్నమాట! 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన పలకలు మదరాసు చేరి, వాటిలో పెక్కు 1859లో ఓడనెక్కి లండను పోయినవి. అచ్చట కొంతకాలము గోడవెలుపల ఎండవానలకు నిలిచి, 1880లో బ్రిటిష్ మ్యూజియమునకు చేరి, ఆ భవనపు పెద్దమెట్ల దారిని అలంకరించినవి. మదరాసున మిగిలిన పలకలను గోడలలో సిమెంటుతో పొదిగిరి. బర్జెస్ దీనిని గట్టిగా ఆక్షేపించెను. ఈ తావులన్నిటను రాయి కలదు, గోడ కలదు, కాని స్తూపము లేదు. అండము చుట్టును ప్రదక్షిణము చేయు భక్తుడు ఏ పలకను ఎప్పుడు చూచెడివాడో చెప్పు యత్నమే లేదు. శివరామమూర్తిగారు 1942లో మదరాసు శిల్పములపై ప్రకటించిన గ్రంథమే, నా యభిప్రాయమున, ఆ గోడలు చేయలేకపోయిన పనిని చేసినది. లండనునందు ఆ శిల్పములకు ప్రత్యేకశాల ఏర్పడుటకు 1992 వరకు పట్టినది. వీరెవరును శిల్పములను చూపుటకు ముందు ఏమి చెప్పదలచితిమని తమ్ము తాము ప్రశ్నించుకొన్నట్లు కానరాదు. తావు దొరకినది, నిలిపిరి.

ఇక నాగార్జునకొండ. పల్నాటి కొండల నడుమ కృష్ణయొడ్డునగల ఈ లోయ ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి. 1926లో సూరపరాజు వేంకటరామయ్య అను ఉపాధ్యాయుడు అచటి శాసనస్తంభమును గూర్చి తెలుపగా పురావస్తుశాఖవారి దృష్టి అటు మరలినది. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్టును, 1938 మొదలు 1940 వరకు టి. ఎన్. రామచంద్రన్‌గారును త్రవ్వించిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట నందికొండయొద్ద ఆనకట్ట కట్టుటకు నిశ్చయము జరిగి, లోయ యంతయు మునుగునని తేలినది. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యవమున నూరునకు పైగా స్థలములు త్రవ్వబడినవి. ఆ నడుమనే, 1955 డిసెంబరు 10వ తేదీన, నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. ఒకవైపు గోడ లేచుచుండ, మరియొకవైపు పలుగు పార సాగినవి. నైలునది చెంతనున్న నూబియా ఆలయములను కాపాడుడని యునెస్కో ప్రపంచమునకు విన్నపము చేసినది 1960లో. మన లోయలో పని అప్పటికే ఆరేండ్లు గడచినది. ఈ సంగతిని మనవారే తరచుగా మరతురు.

త్రవ్వుట యొక పని, త్రవ్వినదానిని రాబోవు తరములకు చూపుట మరియొక పని. రెండవ పనియే ఈ వ్యాసమునకు విషయము. నీటికి పైన మిగులునది నాగార్జునకొండ శిఖరము మాత్రమే. దానిపై ప్రదర్శనశాలను కట్టుటకును, ముఖ్యమైన కట్టడములు 9 విప్పి ఎత్తైన తావులందు మరల నిలుపుటకును, మరి 14 కట్టడములకు పెద్ద ప్రతికృతులు చేయించుటకును నిర్ణయము జరిగినది. స్నానఘట్టమును, బృహచ్ఛిలాయుగపు సమాధియు కొండమీదికి వచ్చినవి. హారీతీ ఆలయమును, దాని చెంత మెట్లవరుసలుగల రంగస్థలమును గట్టుననున్న అనుపునందు వెలసినవి. ప్రదర్శనశాలా భవనమును బౌద్ధవిహారపు రూపున కట్టించిరి. 1966లో అది తెరువబడినది. మరుసటియేడు, 1967 ఆగస్టు 4వ తేదీన, ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచిరి.

ఆ భవనరూపమే తొలి వ్యాఖ్యానము. ఈ లోయలో దొరకినవి విహారములు మాత్రమే కావు. పాతరాతియుగపు పనిముట్లు దొరకినవి. సర్వదేవుని ఆలయము, పుష్పభద్రస్వామి ఆలయము, అష్టభుజస్వామి ఆలయము దొరకినవి. ఇక్ష్వాకు రాజులు శ్రౌతయాగములు చేయగా, వారి ఇంటి స్త్రీలు స్తూపవిహారములకు దానములిచ్చిరి. ఈ కాలపు విశేషమే యిది. విహారరూపమున కట్టిన శాలలో కాలిడిన చూపరికి, ఒక్క ఫలకమైనను చదువకమునుపే, ఇది బౌద్ధక్షేత్రమను మాట చెవిన పడినట్లగును. అది అసత్యము కాదు. సత్యములో పెద్దపాలు కూడ. భిక్షువుల గదులు నాలుగువైపుల తీరిన ఆ ఆకృతిలో ఆ శిల్పములు ఒప్పుచున్నవనుటలో నాకు సందేహము లేదు. కాని ఒక ఆకృతిని ఎన్నుకొనుట మరియొకదానిని విడుచుటయే. ఆ ఎన్నికకు కారణములు కట్టించినవారికి తెలియును, చూచువారికి తెలియవు.

ప్రదర్శనశాలలో కడపటి శాల నమూనాలది. మునిగిన లోయ యంతయు ఒకచోట, విహారములు, క్రీడారంగము, స్నానఘట్టము, అశ్వమేధస్థలము విడివిడిగా అచ్చట చూపబడినవి. నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచునది ఈ శాలయే. శిల్పము తన్ను తాను చూపుకొనగలదు. బుద్ధుని ఎత్తైన నిలువువిగ్రహము ఏ గోడకు చేర్చినను బుద్ధుడే. నమూనా యట్లు కాదు. అది పూర్తిగా చేయించినవాని మాట. త్రవ్వకమున దొరకినది పునాది, కొన్ని ఇటుకల వరుసలు, విరిగిన స్తంభములు. కాగితముపై వ్రాయు పండితుడు ‘కావచ్చును’ అని ఒక మాట చేర్చి తప్పించుకొనగలడు; నమూనా చేయువానికి ఆ వెసులుబాటు లేదు. గోడ ఎత్తు ఇంతయని అతడు తేల్చవలెను, మెట్టు ఎచట ముగియునో తేల్చవలెను. సందేహమును సుద్దతో పోతపోయుట సాధ్యము కాదు గదా.

రెండు ఉదాహరణములు చాలును. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధము చేసెనని శాసనములు చెప్పుచున్నవి. లోయలో తాబేటి ఆకృతిగల ఒక సోపానకుండము బయల్పడినది. అవభృథస్నానము జరిగినది ఇచటనే యని త్రవ్వినవారు ఊహించిరి. యాగము శాసనసిద్ధము, కుండము ప్రత్యక్షము, రెండింటిని కలిపిన సూత్రము మాత్రము ఊహ. మంచి ఊహయే, కాని ‘అశ్వమేధస్థలము’ అను పేరుతో నమూనా నిలిచినపుడు మూడును ఒకే గట్టితనము గలవిగా కనుపట్టును. క్రీడారంగము సంగతియు నిట్టిదే. నలువైపుల మెట్లుగల ఆ విశాలమైన కట్టడము నిక్కము. ఆ పేరు ఆకారమును బట్టి మనవారు పెట్టినది. మల్లయుద్ధములు జరిగెనో, ఉత్సవములు జరిగెనో, సభలు తీరెనో నమూనా చెప్పజాలదు. మల్లినాథుని ప్రతినను ఈ శాలకు అన్వయించి చూచినచో, మూలముగలది ఎంత, లేనిది ఎంత యని గీత గీయవలసియుండును.

ఆ గీతను గీయుటకు గ్రంథము కావలెను. ఇచటనే అసలు చిక్కు వచ్చినది. 1954-60 త్రవ్వకముల సమగ్రనివేదికలో మొదటి సంపుటము 1975లో వెలువడినది. అది చరిత్రపూర్వయుగములకు సంబంధించినది. ఇక్ష్వాకుల కట్టడములను వివరించు రెండవ సంపుటము 2006లో గాని రాలేదు. ప్రదర్శనశాల తెరచినది 1966లో. ఏటేట వెలువడిన సంక్షిప్త వృత్తాంతములును, 1966లోనే సర్కార్, మిశ్రా గార్లు వ్రాసిన మార్గదర్శక గ్రంథమును ఉన్నమాట నిజమే. అవి లేకున్న మనపని మరింత కష్టమయ్యెడిది. అయినను నలువది సంవత్సరములపాటు లోయను గూర్చి జనసామాన్యమునకు దొరకిన పెద్ద గ్రంథము ఆ నమూనాల శాలయే. గ్రంథమునకు ముందే టీక బయటికి వచ్చినది. దీనికి త్రవ్వినవారిని నిందించుట అన్యాయము. నీరు వారికొరకు ఆగలేదు. గడువులోపల త్రవ్వి, కొలిచి, విప్పి, మోసి, మరల నిలిపినవారిపట్ల మనకు కృతజ్ఞతయే యుండవలెను. కాని పనిని అప్పగించునపుడే, ప్రతి నమూనాకును ఏ భాగము దొరకినది, ఏ భాగము పూరించినది అని ఒక కాగితము వ్రాసి చూపరి కంటబడునట్లు ఉంచవలెనను నిబంధనను చేర్చుట అసాధ్యము కాదు.

ఇట్టి నిబంధన క్రొత్తది కూడ కాదు. ఈ లోయవారే పదునేడు శతాబ్దములకు పూర్వము దానిని పాటించిరి. వీరపురుషదత్తుని 6వ రాజ్యసంవత్సరమున మహాచైత్యమునకు స్తంభములెత్తించిన శాసనములు దానమిచ్చిన చాంతిసిరిని మాత్రమే చెప్పి ఊరకుండలేదు. ఆ నవకర్మను, అనగా కట్టుబడి పనిని, నడిపించిన భదంత ఆనందుని పేరును, ఆయన దీఘమజ్ఝిమనికాయములు నేర్చినవాడను మాటను సైతము చేర్చినవి. అదే రాజు 14వ సంవత్సరమున బోధిసిరి అను ఉపాసిక సింహళ స్థవిరులకై చైత్యగృహము కట్టించినది. వోగెల్ పండితుడు ప్రకటించిన ఆ శాసనపు చివర చంద్రముఖుడు, ధర్మనంది, నాగుడు అను ముగ్గురు స్థవిరులు నవకర్మికులనియు, రాతిపని విధికుడను శిలావర్ధకిదనియు కలదు. కట్టించినదెవరు, పర్యవేక్షించినదెవరు, ఉలి పట్టినదెవరు అను మూడు ప్రశ్నలకును ఒక్క రాతిపై సమాధానము దొరకుచున్నది. పర్యవేక్షకుని పాండిత్యమును చెప్పుట ఊరక గొప్పకొరకు కాదని నాకు తోచును. పనిని తెలిసినవాడే నడిపెనని అది సాక్ష్యము.

ఈ విషయము నేడు పాతకథ కాలేదు. జలాశయపు ఆవలిగట్టున తెలంగాణలో 2022లో బుద్ధవనము ప్రారంభమైనది. స్తూపమును, శిల్పఫలకములును అచట క్రొత్తగా రూపొందించినవి. చిన్నపట్టణములలోను ప్రదర్శనశాలలు లేచుచున్నవి. చిత్రఫలకములు, దీపములు, మాటలాడు యంత్రములు వచ్చుచున్నవి. ఇట్టి పనులను అప్పగించు కాగితములలో గాజు మందము, కొయ్య రకము, దీపముల లెక్క సూక్ష్మముగా వ్రాయుట వాడుక. ఫలకముపై వాక్యమును వ్రాయు పండితుడెవరో, అతనికి ఎన్ని నెలల గడువో, అతని ఊహను పరీక్షించువారెవరో అంత సూక్ష్మముగా వ్రాయుటయు అలవాటు కావలెను. తెలుగువాక్యమును ఇంగ్లీషునుండి కడపటి వారమున తర్జుమా చేయించుట ఇంకను దుస్సహము.

మన విశ్వవిద్యాలయములలో శాసనములపై పరిశోధించు విద్యార్థులు పెక్కురు కలరు. వారిలో ఒకరు పురావస్తుశాఖవారి అనుమతితో ఆ కాలపు దస్త్రములను వెదకవలెను. కొండపైని 9 కట్టడములను ఎన్నుకొనుటకు ముందు ఏవేవి పరిశీలించి విడిచిరి, 14 ప్రతికృతులకు కొలతలనిచ్చినవారెవరు, లోయ నమూనాను చేసిన చేతులెవరివి, ఇటుకలకు సంఖ్యలువేసి కొండకెక్కించిన మేస్త్రీలెవరు అను సంగతులను ఒక పట్టికగా కూర్చి, 2006 నాటి సంపుటముతో సరిపోల్చవలెను. విధికుని పేరు మనకు తెలిసినది. 1966లో అతని పనిని మరల నిలిపినవారి పేర్లు ఇంకను కూర్చవలసియున్నవి.