మొదటి ఛాయిస్‌లో ఏం రాయాలి?

2000 ప్రాంతంలో బోస్టన్‌లో పిల్లల్ని పబ్లిక్ స్కూల్లో చేర్చాలంటే ఒక ఫారం నింపాలి. (పబ్లిక్ స్కూల్ అంటే మన దగ్గరిలా ఫీజులు గుంజే ప్రైవేటు బడి కాదు, అచ్చంగా గవర్నమెంటు బడి.) ఆ ఫారంలో కనీసం మూడు బడుల పేర్లు మీకు నచ్చిన వరసలో రాయాలి. ఇంతే పని. చూడ్డానికి ఇందులో తిరకాసేమీ కనిపించదు. కానీ ఆ ఫారంలో మనసులో ఉన్నది ఉన్నట్టు రాసినవాళ్ళు నష్టపోయే అవకాశం ఉండేది. ఈ సంగతి కొందరు తల్లిదండ్రులకి బాగా తెలుసు. చాలామందికి తెలియదు.

ఆ పద్ధతి ఎలా నడిచేదో చూద్దాం. ముందు అందరి మొదటి ఛాయిస్‌లు తీస్తారు. ఒక బడికి సీట్లకన్నా ఎక్కువమంది వస్తే ఎవరికివ్వాలో చెప్పడానికి ఒక వరస ఉంది: అక్కో అన్నో ఇప్పటికే ఆ బడిలో చదువుతున్న పిల్లలు, నడిచి వచ్చేంత దూరంలో ఇల్లున్న పిల్లలు, ఆ తర్వాత లాటరీ నంబరు. ఈ రౌండులో సీటొచ్చిన వాళ్ళకి అది ఖాయం. మిగిలినవాళ్ళ రెండో ఛాయిస్‌లు తర్వాత చూస్తారు. మెలిక అక్కడే ఉంది. మీ రెండో ఛాయిస్ కూడా కాస్త పేరున్న బడే అయితే, దాన్ని మొదటి ఛాయిస్‌గా రాసుకున్న వాళ్ళతో సీట్లు అప్పటికే నిండిపోయి ఉంటాయి. మీ ఇల్లు ఆ బడి గేటుకి ఎదురుగా ఉన్నా లాభం లేదు. మొదటి ఛాయిస్ తప్పిందంటే రెండోదీ పోయినట్టే, చాలాసార్లు మూడోదీనూ.

మన ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టినవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. నెట్ సెంటర్లో అర్ధరాత్రి దాకా కూర్చుని వందల ఆప్షన్లు పెట్టేవాళ్ళం కదా. అందులో ఎన్ని భయాలున్నా ఈ భయం మాత్రం లేదు. ర్యాంకు వరసలో ఒక్కొక్కరి జాబితా తీసి, అందులో మిగిలున్న వాటిలో పైనున్న సీటు ఇస్తారు. రాదని తెలిసిన కాలేజీని పైన పెట్టినంత మాత్రాన కింద రావలసినది పోదు. బోస్టన్‌లో పోయేది.

అంచేత తెలివైన పని ఏమిటంటే, అందరూ ఎగబడే బడిని పక్కనపెట్టి, ఫర్వాలేదనిపించే బడిని మొదటి ఛాయిస్‌గా రాయడం. నగరం పశ్చిమ భాగంలో వెస్ట్ జోన్ పేరెంట్స్ గ్రూప్ అని తల్లిదండ్రుల సంఘం ఒకటి ఉండేది. వాళ్ళు సమావేశాలు పెట్టుకుని ఇదే చర్చించేవారు: ఏ బడికి ఎంతమంది ఎగబడుతున్నారు, ఏది మొదట రాయాలి, రెండోది క్షేమంగా ఉండాలంటే ఎలాంటిది ఎంచుకోవాలి. వాళ్ళని తప్పుపట్టలేం. స్కూళ్ళ శాఖ అచ్చువేసి పంచిన గైడు కూడా, కోరుకున్నది దక్కాలంటే అంతగా పోటీ లేని బడుల్ని ఎంచుకోండని సలహా ఇచ్చేది. ప్రభుత్వమే మీ ఇష్టం చెప్పండి అని అడిగి, నిజం మాత్రం చెప్పకండి అని చెప్పడం లాంటిది ఇది.

మరి తెలియనివాళ్ళ సంగతి? 2000-01 సంవత్సరపు లెక్కల్ని ఆర్థికవేత్తలు తర్వాత తీసి చూశారు. వాళ్ళు పరిశీలించిన 15 వేలకు పైగా పిల్లల్లో 19 శాతం మంది, సీట్లకు మించి డిమాండ్ ఉన్న బడుల్నే మొదటి రెండు ఛాయిస్‌లుగా రాశారు. ఈ పద్ధతి తెలిసినవాళ్ళు చేయని పని అది. వాళ్ళలో సుమారు 27 శాతం మందికి ఎక్కడా సీటు రాలేదు. ఏ మీటింగుకీ వెళ్ళే తీరికలేని వాళ్ళు, ఫారంలో అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రమే రాసినవాళ్ళు.

ఇలాంటి ఫారం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే 1974కి వెళ్ళాలి. బోస్టన్ స్కూల్ కమిటీ నల్లజాతి పిల్లల్నీ తెల్లవాళ్ళ పిల్లల్నీ కావాలనే వేరువేరు బడుల్లో ఉంచుతోందని నల్లజాతి తల్లిదండ్రులు వేసిన కేసులో, ఆ జూన్‌లో ఫెడరల్ జడ్జి ఆర్థర్ గారిటీ వాళ్ళ వాదన నిజమేనని తీర్పిచ్చాడు. పిల్లల్ని బస్సుల్లో ఒక పేట నుంచి ఇంకో పేటకి పంపి బడుల్ని కలపాలన్నాడు. సెప్టెంబరు 12న బడులు తెరిచిన రోజు, సౌత్ బోస్టన్‌లో నల్లజాతి పిల్లలున్న బస్సుల మీద జనం రాళ్ళు వేశారు. ఆ గొడవలు ఏళ్ళ తరబడి సాగాయి. 1976 ఏప్రిల్‌లో సిటీ హాల్ ముందు ఒక తెల్ల కుర్రాడు జెండా కర్రతో ఒక నల్లజాతి లాయరు మీదికి దూకుతున్న ఫోటో, స్టాన్లీ ఫోర్మన్ తీసినది, మీలో చాలామంది చూసే ఉంటారు.

ఆ రాళ్ళు వేసినవాళ్ళలో జాతి ద్వేషం ఉంది, దాన్ని సున్నితం చేసి చెప్పాల్సిన పనిలేదు. అయితే మొదటి ఏడాది పథకం ప్రధానంగా జతచేసింది సౌత్ బోస్టన్‌నీ రాక్స్‌బరీనీ. ఒకటి ఐరిష్ కూలివాళ్ళ పేట, ఇంకోటి నల్లజాతి పేదల పేట. రెండు చోట్లా బడులు అంతంత మాత్రమే. తీర్పిచ్చిన జడ్జి ఉండేది వెల్స్‌లీ అనే సంపన్నుల ఊళ్ళో. అది బోస్టన్ నగర పరిధిలో లేదు కాబట్టి ఈ బస్సులు అక్కడికి వెళ్ళవు. ఈ విషయాన్ని ఆయన విరోధులు ఊరూరా చెప్పుకున్నారు. వాళ్ళ ఉద్దేశం ఏదైనా, చెప్పింది అబద్ధం కాదు.

తర్వాతి పదిహేనేళ్ళలో వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళిపోయారు. 1970ల మొదట్లో 90 వేలకు పైగా ఉన్న పిల్లల సంఖ్య 1980ల చివరికి 60 వేల లోపుకి పడిపోయింది. 1987లో అప్పీలు కోర్టు, పిల్లల్ని బడులకి కేటాయించే పని మళ్ళీ నగరానికి అప్పగించింది. అప్పుడు వచ్చినదే 'కంట్రోల్డ్ ఛాయిస్'. చార్లెస్ విల్లీ, మైకేల్ ఆల్వ్స్ అనే ఇద్దరు దీన్ని రూపొందించారు. నగరాన్ని మూడు జోన్లు చేసి, జోన్ లోపల తల్లిదండ్రులు బడులు ఎంచుకుంటారు, జాతుల నిష్పత్తి చెడకుండా శాఖ చూసుకుంటుంది అన్నారు. 1989లో అమల్లోకి వచ్చింది. రాళ్ళు పడిన ఊళ్ళో బలవంతం బదులు ఇష్టాన్ని అడుగుదాం అనుకోవడం నాకైతే మంచి ఆలోచనగానే కనిపిస్తుంది. ఆ ఇష్టాల్ని లెక్కగట్టే ప్రోగ్రాం గురించి మాత్రం ఎవరూ పెద్దగా ఆలోచించినట్టు లేదు. మొదటి ఛాయిస్‌లు ముందు తీద్దాం, ఎక్కువమందికి మొదటి ఛాయిస్ దక్కిందని చెప్పుకోవచ్చు. ఎవరికైనా ముందు తట్టేది అదే. మన వృత్తిలో ఇలాంటి కోడ్ రోజూ చూస్తుంటాం. పని చేస్తోంది కదా అని ఎవరూ ముట్టుకోరు. ఇది పదహారేళ్ళు పనిచేసింది.

2003లో అతీలా అబ్దుల్‌కాదిరోలు, తయ్‌ఫున్ సోన్మెజ్ అనే ఇద్దరు టర్కీ ఆర్థికవేత్తలు ఈ పద్ధతి లోపాన్ని వివరిస్తూ ఒక పేపరు అచ్చువేశారు. ఆ సెప్టెంబరులో బోస్టన్ గ్లోబ్ పత్రిక దాని గురించి రాసింది. శాఖవాళ్ళు ఆర్థికవేత్తల్ని పిలిపించుకుని మాట్లాడారు. అప్పటికి అల్విన్ రాత్, పరాగ్ పాఠక్ కూడా వాళ్ళతో చేరారు. వాళ్ళు చూపించిన మందు 1962 నాటిది. కాలేజీ ప్రవేశాలనీ పెళ్ళిళ్ళనీ ఒకే లెక్కలో పెట్టి డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ రాసిన చిన్న పేపరులో ఉంది. కిటుకు ఒక్కటే: ఏ సీటూ చివరిదాకా ఖాయం చేయకూడదు. మొదటి రౌండులో బడి కొందరిని తాత్కాలికంగా ఉంచుకుంటుంది. తర్వాతి రౌండులో, ఆ బడిని మూడో ఛాయిస్‌గా రాసుకున్న పిల్ల వచ్చినా, వరసలో ఆమె ముందుంటే ముందు ఉంచుకున్న వాళ్ళలో చివరివాళ్ళని పంపి ఆమెకి చోటిస్తుంది. బయటికొచ్చిన పిల్ల తన తర్వాతి ఛాయిస్‌కి వెళ్తుంది. మీరు ఎన్నో ఛాయిస్‌గా రాశారన్నది బడి అసలు చూడదు. కాబట్టి నిజం రాస్తే పోయేదేమీ లేదు. ఎంసెట్‌లో ఈ తంటా అక్కర్లేకపోవడానికి కారణం, అక్కడ అన్ని కాలేజీలూ చూసేది ఒకే ర్యాంకుని. ఇక్కడ ఒక్కో బడికి ఒక్కో వరస.

అదే సమయంలో న్యూయార్క్ హైస్కూళ్ళలోనూ ఈ లెక్కనే పెట్టారు. అక్కడ అంతకుముందు ఏటా 30 వేలమంది పిల్లలు తాము రాయని బడుల్లోకి వెళ్ళేవాళ్ళు. మారిన మొదటి ఏడాదికే అది 3 వేలకి వచ్చింది.

బోస్టన్‌లో మార్పుకి అందరూ చప్పట్లు కొట్టలేదు. ఒకరు బహిరంగ విచారణలో లేచి, అంటే మా ఎంపికకంటే లాటరీ నంబరుకే విలువెక్కువా అని అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. ఒక బడినే గట్టిగా కోరుకున్నవాళ్ళకి పాత పద్ధతి కొంత మొగ్గు ఇచ్చేది. కానీ ఆ మొగ్గు ఎవరి నెత్తిన పడిందో పాఠక్, సోన్మెజ్ తర్వాత లెక్కవేసి చూపారు: ఎత్తులు తెలిసినవాళ్ళకి వచ్చిన లాభం, నిజం రాసినవాళ్ళ జేబులోంచి పోయినదే. సూపరింటెండెంట్ థామస్ పేజంట్ కూడా కమిటీకి దాదాపు ఇదే చెప్పాడు. ఎత్తులు వేయలేని తల్లిదండ్రులకి జరిగే హాని తగ్గాలంటే పద్ధతి మార్చాలన్నాడు. 2005 జులైలో కమిటీ ఓటేసి పాతదాన్ని తీసేసింది. ఒక నగరం తన ఫారంని కాస్త నిజాయితీగా మార్చుకోడానికి అల్గారిదమ్‌ని మార్చడం, అదీ పేదవాళ్ళ పేరు చెప్పి మార్చడం, నాకు తెలిసి చాలా అరుదు. రాత్, షాప్లీలకి 2012లో నోబెల్ వచ్చింది. గేల్ అప్పటికి లేడు.

ఇంకో మెలిక మాత్రం 2013 దాకా ఎవరికీ కనపడలేదు. అది మన రిజర్వేషన్ల గురించి తెలిసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. 1999లో కమిటీ జాతి కోటాలు తీసేసినప్పుడు ఒక రాజీ కుదిరింది. ప్రతి బడిలో సగం సీట్లు నడక దూరంలోని పిల్లలకి ముందు, మిగతా సగం అందరికీ. పక్కింటి బడి కావాలన్నవాళ్ళు సగం గెలిచామనుకున్నారు. దూరపు పిల్లలకి అన్యాయమన్నవాళ్ళు సగం ఓడామనుకున్నారు. కానీ ప్రోగ్రాం నడక దూరపు సీట్లని ముందు నింపేది. అప్పుడు మంచి లాటరీ నంబర్లున్న దగ్గరి పిల్లలందరూ ఆ సగంలోనే ఖర్చయిపోతారు. ఓపెన్ సీట్ల పోటీకి మిగిలేది నంబరు బాగాలేని దగ్గరి పిల్లలు. ఫలితం, కోటా అసలు లేకపోతే వచ్చేదానికి దాదాపు సమానం. మన దగ్గర ఓపెన్ కేటగిరీ ముందు నింపుతారు. రిజర్వేషన్ ఉన్న కుర్రాడు ర్యాంకు మీద ఓపెన్ సీటు తెచ్చుకుంటే అది కోటాలో లెక్కకి రాదు. 1992 ఇంద్రా సాహ్నీ తీర్పు చెప్పిందీ అదే. ఏది ముందు నింపాలన్న దాని మీద మనం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాం. బోస్టన్‌లో అదే ప్రశ్న ప్రోగ్రాంలో ఎక్కడో ఒక వరసలో ఉండిపోయింది. పైన జనం పదేళ్ళకు పైగా 'సగం' అనే మాట గురించి వాదించుకున్నారు. విషయం బయటపడ్డాక, 2013లో అప్పటి సూపరింటెండెంట్ కరోల్ జాన్సన్ ఆ నడక దూరపు ప్రాధాన్యాన్నే తీసేయమంది.

అదే ఏడాది మూడు జోన్లూ పోయాయి. ఇంటి అడ్రసుని బట్టి ప్రతి కుటుంబానికీ వేరే జాబితా ఇచ్చే పద్ధతి వచ్చింది. పెంగ్ షి అనే ఎంఐటీ విద్యార్థి గీసిన పథకం. దగ్గరలో మంచి బడులు లేని పేటల వాళ్ళ జాబితాలోనూ కొన్ని మంచివి ఉండేట్టు చూశాడు. 2018లో దీన్ని పరిశీలించిన నివేదిక, అసమానత తగ్గలేదని తేల్చింది. నల్లజాతి పిల్లలు ఎక్కువగా ఉన్న పేటల్లో తక్కువ మంచి సీట్లకి ఎక్కువమంది పోటీపడుతున్నారు. ఉన్న సీట్లని పంచడం వరకే ఏ లెక్కయినా చేయగలిగేది.

ఇన్ని ఫారాలూ, జోన్లూ, నోబెల్ బహుమతీ కూడా నగరం గీత లోపలి సంగతి. ఆ గీత ఎందుకంత గట్టిపడిందో చూడాలంటే మళ్ళీ 1974కే రావాలి. గారిటీ తీర్పొచ్చిన నెల తర్వాత, జులై 25న, డెట్రాయిట్ గురించిన మిల్లికెన్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఒక మాట చెప్పింది. నగరంలోని వివక్షకి తమ తప్పేమీ లేని సబర్బ్ స్కూళ్ళని ఆ పథకంలోకి లాగకూడదు అని. ఇరవై ఏళ్ళ కిందట బ్రౌన్ కేసు వాదించి గెలిచిన థర్‌గుడ్ మార్షల్ అప్పటికి అదే కోర్టులో జడ్జి. ఆయన భిన్నాభిప్రాయం రాశాడు. ఆ తర్వాత నగరాలకి బడులు కలిపే పని మిగిలింది, కలపడానికి పిల్లలు తగ్గిపోతూ వచ్చారు.

ఇక్కడ మనవాళ్ళ ప్రస్తావన తప్పదు. మాసచూసెట్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎక్కువగా కనిపించేది బోస్టన్‌లో కాదు, ష్రూస్‌బరీ, వెస్ట్‌ఫర్డ్, ఆక్టన్ లాంటి ఊళ్ళలో. ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు ముందు చూసేది స్కూలు రేటింగు, పదికి ఎంత అని. వంటిల్లు తర్వాత. అలాంటి ఊళ్ళలో చాలా చోట్ల ఛాయిస్ ఫారం గొడవ పెద్దగా ఉండదు. బడి ఛాయిస్ ఇంటి ధరలో కలిసి ఉంటుంది, దాన్ని నెలనెలా బ్యాంకుకి కడతారు. ఎవరూ దీన్ని 'స్కూల్ ఛాయిస్' అని పిలవరు. గేల్-షాప్లీ లెక్క దాని జోలికి పోదు.

ఆ గీత దాటించే దారి ఒకటి చిన్నగా ఉంది. మెట్కో అంటారు. 1966లో, అంటే కోర్టు గొడవకి ముందే, నల్లజాతి తల్లిదండ్రులూ కొన్ని సబర్బ్‌ల వాళ్ళూ కలిసి మొదలుపెట్టారు. బోస్టన్ పిల్లలు బస్సెక్కి సబర్బ్ బడులకి వెళ్తారు, ఆ ఊళ్ళు ఇష్టపూర్వకంగా చేర్చుకుంటాయి. చాలా ఏళ్ళు దీనికి వెయిటింగ్ లిస్టు ఉండేది, ముందొచ్చినవాళ్ళకి ముందు. బిడ్డ పుట్టగానే పేరు రాయించిన తల్లులూ ఉండేవారు. తర్వాత అదీ లాటరీ అయింది. ఇటీవలి దశాబ్దాల్లో అందులో ఉంటూ వచ్చింది సుమారు 3 వేలమంది.