తాడు కట్టింది ఎవరు?

మొన్న ఉగాదికి ఇంగ్లండ్‌లోని యేట్‌లో మనవాళ్ళం కలిసినప్పుడు, పచ్చడి అయ్యాక పులిహోర వచ్చేలోపు పిల్లలకి క్విజ్ పెట్టారు. "బ్యాడ్మింటన్ ఆట ఎక్కడ పుట్టింది?" అని అడిగితే ఓ పాప "బ్యాడ్మింటన్‌లో" అంది. తప్పన్నారు. "పూనా" అన్న పిల్లాడికి చాక్లెట్ ఇచ్చారు. పాప మొహం చూడలేక నేను లేచి, అదెలా తప్పవుతుందని అడిగాను. క్విజ్ నడిపే తమ్ముడు ఫోన్ నా ముందు పెట్టాడు. "ఇదిగో అన్నయ్యా, 1873లో పూనా నుంచి వచ్చిన ఆఫీసర్లు ఇక్కడి డ్యూక్‌గారి విందులో ఆడి చూపించారని రాసి ఉంది. ఆట మనది, పేరు మాత్రం వాళ్ళది" అన్నాడు. సగం హాలు చప్పట్లు కొట్టింది. పులిహోర చల్లారేదాకా వాదించుకున్నా తేలలేదు. అందుకే ఇది రాయాల్సొచ్చింది.

చిప్పింగ్ సాడ్‌బరీలో నేను 1999 నుంచి ఉంటున్నాను. ఓల్డ్ సాడ్‌బరీ దగ్గర కొండెక్కి, ఏ46 దాటి, యాక్టన్ టర్విల్ మీదుగా వెళ్తే పదిహేను నిమిషాల్లో పాప చెప్పిన ఊరు, గ్రేట్ బ్యాడ్మింటన్, వస్తుంది. మనలో చాలామంది బాత్‌కి పదిసార్లు వెళ్ళారు. చుట్టాలొస్తే స్టోన్‌హెంజ్ చూపిస్తారు. గుమ్మం ముందున్న ఈ ఊరు మాత్రం చూడరు. లండన్ నుంచి రైల్లో వచ్చేటప్పుడు స్విండన్ దాటాక, సాడ్‌బరీ సొరంగంలో దూరే ముందు పోయేది ఈ ఊరి పక్కనుంచే. 1903లో ఈ లైను వేసినప్పుడు ఇక్కడ స్టేషన్ కట్టారు. భూమి ఇచ్చిన డ్యూక్ రైళ్ళు తన స్టేషన్లో ఆగాలని ఒప్పందం రాయించుకున్నాడు. 1968లో స్టేషన్ మూతపడింది. ఇప్పటికీ రైల్వేవాళ్ళు దీన్ని బ్యాడ్మింటన్ లైన్ అనే అంటారు. ఏ ఊరి పేరు పెట్టుకుందో ఆ ఊళ్ళోనే ఆగదు ఆ రైలు.

ఊరి పేరు ఆటకన్నా చాలా పాతది. 1086 నాటి డూమ్స్‌డే లెక్కల పుస్తకంలో ఈ పల్లె ఉంది. అయితే రాయసగాడి చేతిలో మొదటి అక్షరం 'బ' పోయి 'మ' పడింది. డ్యూక్ ఆఫ్ బోఫర్ట్ అనే బిరుదు ఇక్కడి బ్యాడ్మింటన్ హౌస్ కుటుంబానికి 1682లో వచ్చింది. అంతకుముందు వాళ్ళది వేల్స్‌లోని రాగ్లన్ కోట. అంతర్యుద్ధంలో ఆ కోట శిథిలమయ్యాక ఆ కుటుంబం ఇటు వచ్చింది. పార్కు ఉత్తరపు కొసన విలియం కెంట్ కట్టిన వూస్టర్ లాడ్జ్ ఉంది. అది చూడకుండా ఈ ఊరు చూశామనకండి. రెండో ప్రపంచ యుద్ధమంతా రాజమాత మేరీ ఈ ఇంట్లోనే తలదాచుకున్నారు. ఇల్లు కుటుంబం కాపురముండే ఇల్లు కాబట్టి ఎప్పుడంటే అప్పుడు లోపలికి వెళ్ళలేం. ఇంటిని ఆనుకున్న 1785 నాటి చర్చి, కావిరంగు సున్నం పూసిన కుటీరాలు బయటినుంచే చూడొచ్చు.

ఇక ఆ 1873 విందు సంగతి. సింధుకి రియోలో రజతం వచ్చిన 2016లో, బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన 2019లో మన తెలుగు పత్రికల ఆటల పేజీల్లో ఈ కథ చదివాను. ఇంగ్లిష్ పుస్తకాల్లోనూ ఇదే కథ. వాన పడటం, విందుకొచ్చినవాళ్ళు విసుగెత్తడం, ఆఫీసర్లు పూనా ఆట గుర్తు చేసుకోవడం, అందరూ సంబరపడటం. చదవడానికి బాగుంటుంది. కానీ ఇది నిలబడదు. లండన్లో ఆటబొమ్మలు అమ్మే ఐజాక్ స్ప్రాట్ అనే వర్తకుడు 1860లోనే బ్యాడ్మింటన్ బ్యాటిల్‌డోర్ అనే కొత్త ఆట గురించి చిన్న పుస్తకం వేశాడు. 1863లో కార్న్‌హిల్ మ్యాగజైన్‌లో వచ్చిన ఒక వ్యాసం బ్యాడ్మింటన్ అంటే ఏమిటో వివరించింది. నేలకి దాదాపు అయిదడుగుల ఎత్తున తాడు కట్టి, ఇరుపక్కలా జట్లుగా నిలబడి ఈకల షటిల్ కొట్టుకునే ఆట అని. విందు జరిగిందంటున్న ఏడాదికి పదమూడేళ్ళ ముందే లండన్ దుకాణంలో ఆ పేరుతో పుస్తకం అమ్ముడవుతుంటే, ఆ విందులో పేరు పెట్టడమేమిటి? బారసాలకి ముందే బిడ్డని బడిలో వేసినట్టుంది.

1873 అన్న అంకె గాల్లోంచి ఊడిపడిందని నేననను. పూనాలో ఆటకి నియమాలు రాసుకున్నది ఆ ఏడే అంటారు. ఆ అంకె ఓడెక్కి ఇక్కడికొచ్చి డ్యూక్‌గారి ఇంటికి అతుక్కుందని నా అభిప్రాయం. ఒకరు రాస్తే ఇంకొకరు చూసి రాశారు. స్ప్రాట్ పేరు ఎత్తిన చోట కూడా, అదే పేజీలో కింద విందు కథ చెప్పేస్తారు. రెండూ ఒకచోట ఇమడవని ఆగి ఆలోచించరు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాక్ష్యం పుస్తకాల్లోది కాదు. ఆ ఇంట్లో భద్రంగా ఉన్న పాత బ్యాటిల్‌డోర్ల మీద ఉంది. ఫొటోలో చూశాను. బ్యాటిల్‌డోర్ అంటే మన కంజిరకి పిడి తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తీగలుండవు, చట్రానికి పల్చటి తోలు బిగిస్తారు. తోలు కాబట్టే దానిమీద సిరాతో రాయడం కుదిరింది. 1830లో ఆ ఇంట్లో ఎవరో ఇద్దరు ఆడి, షటిల్ కింద పడకుండా ఎన్నిసార్లు కొట్టారో దానిమీదే రాసిపెట్టారు. ఆ లెక్క రెండు వేలు దాటింది. సెకనుకొకటి చొప్పున వేసుకున్నా అరగంట పైమాటే. అరగంటసేపు ఒక ఈకల ముద్దని గాల్లో నిలబెట్టి, ఆ సంతోషం పట్టలేక బ్యాటు మీదే రాసుకున్నారు. గూటిబిళ్ళ ఆడి బొగ్గుతో అరుగు మీద లెక్క గీసుకున్నవాళ్ళకి ఆ సంతోషం తెలుస్తుంది.

ఈ రాతని తొందరపడి చదివినవాళ్ళు "చూశారా, 1830లోనే ఇక్కడ బ్యాడ్మింటన్ ఉంది" అంటారు. మా పక్కవాళ్ళలోనూ ఆ మాట అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆ లెక్క చెప్పేది సరిగ్గా దానికి ఎదురు. ఇద్దరూ కలిసి షటిల్‌ని పడనీయకుండా చూశారు. గెలిచినవాళ్ళు లేరు, ఓడినవాళ్ళు లేరు. ఒకరు తప్పు కొడితే ఇద్దరి లెక్కా పోతుంది. అదే 1863 వ్యాసానికి వచ్చేసరికి మధ్యలో తాడుంది, అటో జట్టు ఇటో జట్టు ఉంది. షటిల్ అవతలివాడి వైపు పడాలి. కలిసి నిలబెట్టే ఆట, ఎదుటివాడి నేల మీద పడేసే ఆటగా మారింది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న షటిల్ ఎక్కడిదని కాదు, బ్యాటు ఎక్కడిదని కాదు. తాడు కట్టింది ఎవరు?

ఆ తాడు కట్టింది బ్యాడ్మింటన్ హౌస్ హాల్లోనేనని నా నమ్మకం. జాన్ వూటన్ వేసిన పెద్ద పెద్ద గుర్రపు చిత్రాలు గోడల నిండా ఉన్న హాలు అది. వాన కురిసే మధ్యాహ్నాలు పిల్లలు అక్కడ ఆడుకునేవారని, చిత్రాలకి దెబ్బ తగలని షటిల్ ఒక్కటే పెద్దలు ఒప్పుకునేవారని ఇక్కడ చెప్పుకుంటారు. చిత్రాల మాట పక్కన పెట్టినా పేరు ఒక్కటి చాలు. తాడు పూనాలో కట్టి ఉంటే, 1860లో లండన్ వర్తకుడు ఈ మారుమూల పల్లె పేరుతో ఎందుకు అమ్ముతాడు? కొత్త ఆటని ఎక్కడ చూశారో ఆ చోటి పేరు పెట్టుకుంటారు. ఇంకో మాట. 1863 నాటి ఆ అయిదడుగుల తాడు ఇంకా అక్కడే ఉంది. ఈరోజు సింధు ఆడే కోర్టులో నెట్ నడిమధ్య ఎత్తు సరిగ్గా అయిదడుగులు. స్తంభాల దగ్గర ఒక అంగుళం ఎక్కువ, అంతే.

నాకు ఎదురుగా నిలబడే గట్టి వాదం ఒకటుంది. ఎనిమిదో డ్యూక్ 1885 నుంచి బ్యాడ్మింటన్ లైబ్రరీ పేరుతో ఆటల పుస్తకాల వరుస వేయించాడు. మొదటి సంపుటం వేట. తర్వాత చేపలు, పందేలు, క్రికెట్, సైకిల్, ఈత, కొండలెక్కడం, ఇలా పాతిక పైచిలుకు సంపుటాలు. వాటిలో బ్యాడ్మింటన్ ఆటకంటూ విడిగా ఒక్క సంపుటం లేదు. ఆట ఈ ఇంట్లో పుట్టి ఉంటే ఇంటి యజమానే దాన్ని విడిచిపెడతాడా అని అడుగుతారు. తప్పకుండా విడిచిపెడతాడు. ఆయన కుక్కల మంద వెంట గుర్రమెక్కి తిరిగిన మనిషి. నక్కల వేటకి ఈ కుటుంబం పెట్టింది పేరు, బోఫర్ట్ హంట్ అంటే ఇక్కడ తెలియనివాళ్ళు లేరు. అలాంటి ఆయనకి హాల్లో పిల్లల ఆట ఆటలాగే కనపడి ఉండదు. మనింట్లో తాతయ్యలు వామనగుంటల మీద పుస్తకం రాశారా?

మా ఊరి గొప్ప కోసం చెప్పే ఇంకో మాట, కోర్టు కొలతలన్నీ ఆ హాలు కొలతలేనన్నది. దాన్నీ నేను నమ్మను. 1901 దాకా కోర్టు డమరుకంలా నడుము దగ్గర సన్నగా ఉండేది. హాలు కొలతే కోర్టు కొలతైతే ఆ సన్న నడుము ఎక్కడినుంచి వచ్చింది? తలుపులు లోపలికి తెరుచుకోవడం వల్లనని ఒక సమాధానం చెబుతారు. ప్రశ్న ముందు పుట్టి, దానికోసం సమాధానం తర్వాత పుట్టినట్టుంటుంది నాకది.

అలాగని పూనాని తీసిపారేయను. పిల్లల కాలక్షేపాన్ని నియమాలున్న ఆటగా నిలబెట్టింది హిందూదేశంలోని కంటోన్మెంట్లే. 1877లో కరాచీలో కర్నల్ సెల్బీ నియమాలు అచ్చు వేయించాడు. రిటైరైన ఆఫీసర్లు తిరిగొచ్చి ఫోక్‌స్టోన్‌లో క్లబ్బు పెట్టుకున్నారు. ఇంగ్లండ్ సంఘం ఏర్పడింది ఆ తర్వాత ఎప్పుడో 1893లో. గాలికి షటిల్ నిలవని చోట ఉన్ని బంతితో ఆడటం కూడా అక్కడి అలవాటే. మా నాన్నగారు హైస్కూలు గ్రౌండులో సాయంత్రం అయిదింటికి ఆడిన ఆట అదే. పక్కకి అయిదుగురు, పసుపుపచ్చ ఉన్ని బంతి. చినుకు పడితే బంతి నీళ్ళు పీల్చి బరువెక్కేది, నాన్నగారు దాన్ని రెండు అరచేతుల మధ్య పిండి మళ్ళీ సర్వీసు చేసేవారు. మా ఊళ్ళో బ్యాడ్మింటన్ అంటే ఆ ఉన్ని బంతి ఆటే, ఈకలదాన్ని షటిల్ అనేవాళ్ళం. ఆ పేరు ఒక ఇంటిదని, ఆ ఇంటి పక్కన నా జీవితం గడుస్తుందని అప్పుడు నాకేం తెలుసు?

కాబట్టి పాపది తప్పు జవాబు కాదు. ఆ చాక్లెట్ నేను కొనిచ్చాను.

ఇప్పుడు ఈ ఊరు బతికేది గుర్రాల మీద. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఆల్డర్‌షాట్‌లో జరిగిన గుర్రపు పోటీలు చూసి, తమవాళ్ళు వెనకబడ్డారని బాధపడి, పదో డ్యూక్ అలాంటి పోటీలకి తన పార్కు ఇచ్చాడు. 1949 ఏప్రిల్లో మొదటి పోటీకి వచ్చినవి 22 గుర్రాలు. ఇప్పుడు మే నెల వస్తే యాక్టన్ టర్విల్ నుంచి కార్లు బారులు తీరతాయి. లూసిండా గ్రీన్ ఆరుసార్లు గెలిచింది, ఆరూ వేర్వేరు గుర్రాల మీద. వెళ్తే చెరువు దగ్గర నిలబడండి. దూకాల్సిన నీళ్ళు ఎంత లోతో గుర్రానికి తెలియదు. చెవులు ముందుకి నిక్కబొడుచుకుని, ఒక్క లిప్తపాటు వెనకాడి, పైనున్న మనిషి మోకాళ్ళని నమ్మి దూకుతుంది. ఆ నీళ్ళ చప్పుడు టీవీలో వినపడదు.

2001లో ఆ పోటీలు జరగలేదు. దేశమంతా పశువులకి గాలికుంటు సోకింది. మార్చి 11, ఆదివారం. బర్మింగ్‌హామ్‌లో మన ప్రకాశం జిల్లా గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ ఫైనల్ ఆడుతున్నాడు. గంటన్నర దారే అయినా ఆ వేళ నేను వెళ్ళలేకపోయాను. గెలిచాడని ఫోన్ రాగానే ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. కారేసుకుని బ్యాడ్మింటన్ వచ్చాను. పొలాల గట్ల మీద కాలిబాటలన్నీ మూసేశారు. గేట్ల ముందు రోడ్డు మీద మందు నీళ్ళలో తడిపిన గడ్డి పరిచి ఉంది, ఫినాయిలు లాంటి వాసన. పార్కులోకి వెళ్ళే వీల్లేక చర్చి వైపు రోడ్డు మీదే నిలబడ్డాను. కుక్కని తిప్పుతూ ఓ పెద్దాయన వచ్చాడు. పలకరిస్తే పట్టలేక చెప్పేశాను, మా ప్రాంతం అబ్బాయి ఈరోజు ఆల్ ఇంగ్లండ్ గెలిచాడండీ అని.

"ఏ గుర్రం మీద?" అని అడిగాడు ఆయన.

గుర్రం కాదండీ, బ్యాడ్మింటన్ అన్నాను. ఆయన ఒకసారి డ్యూక్‌గారి ఇంటి వైపు తిరిగి చూసి, టోపీ తీసి, ఆ అబ్బాయి పేరేమిటన్నాడు. చెప్పాను. నోటికి తిరగలేదు. విడదీసి మళ్ళీ చెప్పాను. కుక్క తాడు లాగుతుంటే దాన్ని ఆపి, గో-పీ-చంద్ అని రెండుసార్లు పైకి అనుకుని, సరిగ్గా పలికానా అని నన్ను అడిగాడు.