పత్తికొండ మజిలీ చెప్పే పాఠం



వేసవి సెలవులు దగ్గర పడగానే ప్రతి ఇంటా ఒకటే చర్చ: ఈసారి పిల్లలతో కలిసి ఎక్కడికి వెళ్దాం? అనంతపురం వాసులకు లేపాక్షి, పెనుకొండ, గుత్తి కోట, మంత్రాలయం ఏవీ దూరం కావు. టికెట్లు, బస, బట్టలు, చిరుతిళ్ళు అన్నీ జాబితాకు ఎక్కుతాయి. ఎవరికైనా గుర్తొస్తే చిట్టచివర నీళ్ళ సీసా ఎక్కుతుంది. ఈ వరుసను తలకిందులు చేయండని కోరడానికే ఈ వ్యాసం. అందుకోసం మన గడ్డ మీదే సాగిన ఒక ప్రయాణం కథ చెబుతాను.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలివేశాడు. దత్త మండలాలుగా పేరుపడిన ఈ ప్రాంతానికి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1807 వరకు ఇక్కడ ఊరూరా తిరిగి భూములు కొలిపించి, రైతుతోనే నేరుగా శిస్తు నిర్ణయించే పద్ధతిని స్థిరపరిచాడు. తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉండేవి. 1820లో ఆయన మద్రాసు గవర్నరు అయ్యాడు.

1826లో చిన్న కుమారుని అనారోగ్యం కారణంగా ఆయన భార్య బిడ్డతో సహా స్వదేశానికి వెళ్ళిపోయింది. మన్రో కూడా పదవి విడిచి కుటుంబాన్ని చేరుకోవలసి ఉంది. వెళ్ళేముందు, తాను ఒకప్పుడు తిరిగిన దత్త మండలాలను కడసారి చూసి రావాలని 1827 వేసవిలో మద్రాసు నుండి బయలుదేరాడు. అది వీడ్కోలు యాత్ర. అప్పటికి ఆయన వయసు 66 ఏళ్ళు.

ఆ యాత్రకు లోటేముంటుంది? గుడారాలు, వంటవారు, సిపాయిలు, నౌకర్లు, అడుగడుగునా అధికారుల స్వాగతం. దక్షిణ దేశంలో అంతటి సన్నాహంతో ప్రయాణించగలవారు అరుదు. అయితే ఆ పరివారం జులై మొదటి వారంలో గుత్తి చేరేసరికే శిబిరంలో కలరా పొడసూపింది. యాత్ర ఆగలేదు. గుత్తి నుండి పత్తికొండకు సాగింది. జులై 6న పత్తికొండ మజిలీలో మన్రోకు వ్యాధి సోకింది. ఉదయం లక్షణాలు కనిపించిన మనిషి ఆ రాత్రికే కన్నుమూశాడు. దేహాన్ని గుత్తికి తెచ్చి, కోట కింది శ్మశానంలో ఖననం చేశారు. 1831లో ఆ అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు.

ఎదురుచూస్తున్న భార్యాబిడ్డలకు ఆయన కాక, ఆయన మరణవార్త చేరింది.

మిత్రులారా, ఈ మరణాన్ని ఒక వైద్యునిగా ఆలోచించి చూడండి. కలరా క్రిమి పేగులోకి చేరి ఒక విషాన్ని విడుదల చేస్తుంది. ఆ విషం ప్రభావంతో పేగు గోడ శరీరంలోని నీటిని, లవణాలను ధారగా బయటికి వదిలేస్తుంది. తీవ్రమైన కేసుల్లో గంటకు ఒక లీటరు దాకా పోతుంది. రక్తం చిక్కబడుతుంది, నాడి అందదు, మూత్రం ఆగిపోతుంది. రోగిని చంపేది క్రిమి కన్నా నీరు కోల్పోవడమే. ఈ సంగతి తెలియని ఆనాటి పాశ్చాత్య వైద్యం సాధారణంగా నెత్తురు తీసేది, పాదరసపు మందులు ఇచ్చేది. ఎండిపోతున్న దేహం నుండి ఇంకా ద్రవం తీసేయడమన్నమాట!

వ్యాధి ఎందుకు అక్కడ, అప్పుడు విజృంభించిందన్నది కూడా ఆలోచించదగినదే. అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉంది. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల దాపున మాత్రమే కురుస్తుంది, అందులోనూ ఎక్కువ వాన సెప్టెంబరు, అక్టోబరుల్లో. జులై నాటికి చెరువులు అడుగంటి, బావులు లోతుకు దిగి ఉంటాయి. నీరు తగ్గేకొద్దీ ఒకే బావి చుట్టూ ఎక్కువ మంది చేరతారు. తాగేదీ, ముంచేదీ, కడిగేదీ అక్కడే. పెద్ద పరివారం అలాంటి ఊరి పక్క విడిది చేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. కరువు సీమలో నీటి కొరత అంటే దాహం మాత్రమే కాదు, మురికి కూడా.

మన్రో స్మృత్యర్థం ప్రభుత్వం గుత్తిలో సత్రం కట్టించింది, పత్తికొండలో తోపు వేయించి బావి తవ్వించింది. ఆ సదుద్దేశాన్ని తప్పు పట్టలేము. నీటి ద్వారా వచ్చిన చావుకు గుర్తుగా బావి తవ్వించామన్న ఎరుక ఆనాడు ఎవరికీ లేదు. లండనులో జాన్ స్నో బ్రాడ్ వీధి పంపుకూ కలరాకూ గల సంబంధాన్ని చూపింది 1854లో. రాబర్ట్ కోహ్ కలకత్తాలో క్రిమిని నిర్ధారించింది 1884లో. ఆ క్రిమి విడిచే విషమే అసలు దోషి అని కలకత్తాలోనే శంభునాథ్ డే నిరూపించింది 1959లో.

చికిత్స కథ ఇంకా ఆశ్చర్యకరం. మన్రో మరణించిన 5 ఏళ్ళకే, 1832లో, స్కాట్లండు వైద్యుడు థామస్ లాటా కలరా రోగుల రక్తనాళంలోకి ఉప్పునీరు ఎక్కించి కొందరిని బతికించాడు. లోకం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. గ్లూకోజు తోడైతే పేగు గోడ ఉప్పును, దానితో నీటిని లోపలికి పీల్చుకుంటుందని తేలడానికి 20వ శతాబ్దం సగం గడవాల్సి వచ్చింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బంగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతుంటే, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. మనం ఓఆర్ఎస్ అంటున్నది దీన్నే. గవర్నరుకు దొరకని మందు నేడు ప్రతి మందుల దుకాణంలోనూ ఉంది.

ఉన్నంత మాత్రాన చాలదు. నా ఉద్యోగ జీవితపు తొలి ఏళ్ళలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పరస నుండి తిరిగొచ్చిన కుటుంబం రెండేళ్ళ బిడ్డను ఎత్తుకొచ్చింది. వాంతులు, విరేచనాలు మొదలై ఒక పగలు, ఒక రాత్రి గడిచాయి. నీళ్ళు తాగిస్తే విరేచనాలు ఎక్కువవుతాయని పెద్దలు చెప్పగా, చుక్క నీరు పోయలేదు. కళ్ళు లోపలికి పోయాయి. పొట్ట చర్మం పట్టి లాగితే మడత అలాగే నిలిచింది. నరం దొరికేలోగా ప్రాణం పోయింది. "నీళ్ళియ్యొచ్చని మాకెవురు సెప్పినారు సార్?" అని ఆ తల్లి అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆ రోజు చెప్పలేకపోయినదాన్ని ఇన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నాను.

కనుక మీ ప్రయాణ సన్నాహం నీటితో మొదలు కానివ్వండి. ఇంట్లో కాచి చల్లార్చిన నీరు తీసుకెళ్ళండి. నీరు తెర్లి మరగడం మొదలయ్యాక ఒక నిమిషం పాటు కాగనిస్తే కలరా క్రిమి వంటివి చస్తాయి. అది అయిపోతే మూత చెదరని సీసా కొనండి. దారిలో మంచు ముక్కలు వేసిన రసాలు, కోసి ఉంచిన పళ్ళు వద్దు. చేతులు కడుక్కోవడానికి సబ్బు ముక్క వెంట ఉండాలి.

సంచిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగైదు వేసుకోండి. పొట్లం మీద రాసినంత నీటిలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి. కలిపినది 24 గంటల్లోపు వాడాలి. తీపి పానీయాల డబ్బాలు దీనికి బదులు కావు. పొట్లం లేకుంటే లీటరు శుభ్రమైన నీటిలో 6 సమతల టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్ళ లోపు బిడ్డకు 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పై పిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపవద్దు. బిడ్డ మగతగా ఉన్నా, కళ్ళు గుంటలు పడినా, ఆరు గంటలుగా మూత్రం రాకున్నా, మలంలో నెత్తురు కనిపించినా ఓఆర్ఎస్ పడుతూనే ఆసుపత్రికి బయలుదేరండి.

చివరగా ఒక మాట. గుత్తి దగ్గర ఆ యాత్ర ఆగి ఉంటే ఆ ప్రాణం నిలిచేదా అన్నది నేను చెప్పలేను. అయితే ఎవరికైనా నలతగా ఉన్నప్పుడు ప్రయాణాన్ని ఆపుకొనే స్వేచ్ఛ ముందుగానే ఉంచుకోవడం కూడా సన్నాహంలో భాగమే. టికెట్ల డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. ఈ సెలవుల్లో గుత్తి కోట ఎక్కితే కిందనున్న ఆ పాత శ్మశానాన్ని కూడా పిల్లలకు చూపించండి. ఈ కథ చెప్పి, వారి చేతి సీసాలో నీళ్ళు ఎక్కడివో ఒకసారి అడిగి చూడండి.