పాత సామాను దారి

కొడవలి చేయించాలంటే పాత లారీ కమాను పట్టీ ముక్క పట్టుకుని కొలిమికి వెళ్లడం మన పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఆ ఉక్కుకు పదును బాగా నిలుస్తుంది. తుక్కులో కొన్న ఇరుసూ చక్రాలూ ఎద్దుల బండి కిందికి చేరితే టైరు బండి అయింది. పత్తి బోరేలు, మిర్చి టిక్కీలు ఆ బండ్ల మీదే కదిలాయి. మోటారు బండి విడిభాగానికి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఒకటికి రెండు బతుకులున్నాయి.

పాత సామాను బేరం బయటి దేశాల్లోనూ ఉంది. ఇంగ్లండులోని బ్యూలీలో 1967 నుంచి పాత కార్ల అభిమానులు విడిభాగాలు పరుచుకుని అమ్ముకునే సంత జరుగుతోంది. దాన్ని నడిపేది మక్కువ. మన దగ్గర ఈ బేరాన్ని పుట్టించింది కొరత. 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించిన జనరల్ మోటార్స్, విడిభాగాలు ఇక్కడే తయారు కావాలన్న ప్రభుత్వ విధానం వచ్చాక 1954లో ఆ కర్మాగారం మూసేసింది. రోడ్డు మీదున్న ఆ కంపెనీ షెవర్లే కార్లకు స్పేర్లు కరువయ్యాయి. మూలపడిన బండి డైనమో ఒకరికి, గేరుబాక్సు మరొకరికి పనికొచ్చాయి. దొరకనిదాన్ని మేస్త్రీలు లేత్ మీద తీశారు.

తర్వాత అంబాసిడర్, ఫియట్ల కాలం. 1957 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్ రూపం పెద్దగా మారలేదు. పాత బండి సామాను కొత్తదానికి పట్టడానికి అదే కారణం. 1960ల్లో బెజవాడలో బండ్ల మరమ్మతుల పేట ఆటోనగర్ వెలిశాక మన లారీల వాళ్లూ, టాక్సీల వాళ్లూ కృష్ణ దాటి అక్కడికి చేరేవారు. గుంటూరుకూ తన ఆటోనగర్ వచ్చింది.

ఆటోనగర్లలో బేరం చూసి తీరాలి. విరిగిన క్రౌను, పినియను చేత్తో పట్టుకెళితే కొట్టువాడు పళ్లు లెక్కపెట్టి జత వెతుకుతాడు. బేరింగు వేలితో తిప్పి, చప్పుడు విని అరుగుదల చెబుతాడు. సెల్ఫ్ మోటారైతే పాతది ఇచ్చి తేడా డబ్బు కట్టాలి. బ్యూలీ వాళ్లు సంత రోజుల్లో చేసే మారకం ఇక్కడ రోజూ జరిగేదే. ఏ బండిది ఏ బండికి పడుతుందన్న లెక్క ఏ పుస్తకంలోనూ లేదు, ఆ మనుషుల తలల్లోనే ఉంది.

తర్వాత బండ్లే మారిపోయాయి. 1983లో మారుతి 800, 1991 తర్వాత విదేశీ కంపెనీలు, ఆపైన ఎలక్ట్రానిక్ విడిభాగాలు వచ్చాయి. 2021లో కేంద్రం వాహనాల తుక్కు కేంద్రాలకు నియమాలు తెచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ఈ నియమాల వెనుక పొగ తగ్గాలన్న ఉద్దేశం మంచిదే. కానీ బండితో పాటు పనికొచ్చే సామాను కూడా నలిగిపోకూడదు.

ఇంట్లో తాతల నాటి అంబాసిడరో, ఫియటో ఉన్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఆటోనగర్‌లోని పెద్ద మేస్త్రీ దగ్గరకు ఒక పూట వెళ్లి, ఆయన చెప్పే జతల లెక్క రాసిపెట్టుకోండి. ఆదివారాలు ఒకచోట కలిసి, మీ దగ్గర మిగిలిన సామాను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోండి.