రక్తపుపోటు కొలత – నాడును, నేడును

“ఆయనకు బి.పి. ఉన్నది” అని జాలిగా చెప్పుకొనుట మన వాడుక. నిజమునకు రక్తపుపోటు బొత్తిగా లేనివాడు బ్రతికియుండడు! ఉండవలసిన దానికి మించియుండుటయే వ్యాధి. తల తిరిగిననే, కన్నులెఱ్ఱబారిననే అది యున్నదని తలచుట పొరపాటు. అనేకులలో అది ఏండ్ల తరబడి ఏ బాధయు కలిగింపక, ఒకనాడు పక్షవాతముగనో గుండెపోటుగనో బయటపడును. కొలిచి చూచుట తప్ప దానిని పట్టుకొను మార్గము లేదు.

రేపల్లెలో ఉదయపు రైలెక్కిన ఒక పెద్దమనిషిని తలచుకొందము. భట్టిప్రోలు, వేమూరు దాటి తెనాలి చేరును. ఎండలో నడచి, వైద్యుని మెట్లెక్కి, వరుసలో కూర్చుండి, పేరు పిలువగనే దిగ్గున లేచి లోనికి పోవును. చేతికి పట్టీ బిగింపగనే గుండె దడదడలాడును. అప్పుడు వచ్చిన అంకె ఆయన నిత్యజీవితపు అంకెయేనా? బాపట్ల నుండి వచ్చి ఆ ప్రక్కనే కూర్చున్న వారికిని ఇదే సందేహము. ఈ సందేహము నేటిది కాదు.

ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అను మతాచార్యుడు గుఱ్ఱపు ధమనికి గాజుగొట్టము నమర్చగా నెత్తురు 8 అడుగుల 3 అంగుళముల ఎత్తునకు ఎగసినదని 1733లో ప్రకటించెను. మనుష్యులకు పనికివచ్చు పద్ధతి కాదు గదా! 1896లో ఇటలీలోని ట్యూరిన్ నగరమున రివా-రొచ్చి అను వైద్యుడు సైకిలు ట్యూబు, సిరాబుడ్డి, పాదరసము వంటి సామగ్రితో చేతికి కట్టి కొలుచు సాధనమును కూర్చెను. ఇంటి వస్తువులతో పుట్టిన సాధనము మరల ఇల్లు చేరుటకు చాలకాలము పట్టుట వింతయే. దానితో పై అంకె మాత్రమే తెలిసెడిది. రోగి మనస్సు కలత చెందిన అంకె పెరుగునని ఆయనయే గుర్తించెను. 1905లో సెయింట్ పీటర్సుబర్గున కొరొట్కోవ్ అను శస్త్రవైద్యుడు, పట్టీని సడలించునపుడు ధమనిలో పుట్టు చప్పుడులను స్టెతస్కోపుతో విని, క్రింది అంకెను గూడ పట్టుకొనెను.

మన ప్రశ్నకు సమాధానము 1940లో వచ్చినది. బోస్టను వైద్యులు అయ్‌మన్, గోల్డ్‌షైన్ అనువారు రోగులకే కొలుచుట నేర్పి సాధనములను ఇండ్లకు పంపిరి. ఇంటి అంకెలు ఆస్పత్రి అంకెల కన్న చాలవరకు తక్కువగా వచ్చినవి. అయినను చప్పుడు వినుటకు శిక్షణ గలిగిన చెవి కావలెను గనుక ఆ పద్ధతి ఇంటింటికి ప్రాకలేదు. పట్టీలోని గాలి అదురును తానే గ్రహించు విద్యుత్సాధనములు వచ్చిన తరువాతనే ఆ అడ్డంకి తొలగినది.

కాని యంత్రము కొన్నంతనే సరిపోదు. కొలతకు అరగంట ముందు కాఫీ, చుట్ట మానవలెను. వీపునకు ఆనుకొని, పాదములు నేలనుంచి, అయిదు నిమిషములు మౌనముగా కూర్చుండవలెను. రేడియోను గూడ ఆ కాసేపు ఆపుడని చెప్పుటకు మాకు సంకోచము లేదు! చేయి గుండెకు సమమైన ఎత్తున బల్లపై నుండవలెను. పట్టీ చిన్నదైన అంకె అబద్ధముగా పెరుగును. ఉదయము, సాయంకాలము రెండేసి సారులు, నిమిషము వ్యవధితో, వారము దినములు వ్రాసికొని, మొదటి దినమును విడిచి సగటు కట్టవలెను. ఆస్పత్రిలో 140/90 హద్దు కాగా, ఇంట 135/85 హద్దు. కొందరికి వ్యవహారము తలక్రిందుగా నుండును: వైద్యుని యెదుట సరియైన అంకె, ఇంట హెచ్చు. వీరికే ముప్పు ఎక్కువ. ఇంటి కొలత లేనిదే వీరు దొరకరు.

రేపల్లె పెద్దమనిషి మరల తెనాలి పోవునాడు ఆ చిట్టాను చేతిసంచిలో నుంచుకొనవలెను. అంకె తగ్గినదని మాత్రలు తానుగా మానరాదు. తగ్గించినవి ఆ మాత్రలే కావచ్చును. ఇక అంకె యెంతయైనను సరే, మూతి వంకరపోయినను, మాట తడబడినను, రొమ్మున నొప్పి పుట్టినను, ఉదయపు రైలు కొరకు వేచియుండక వెంటనే 108 వాహనమును పిలువవలెను.