తెలుగు అక్షరాల స్థానంలో గళ్లు: ఎడిటర్‌లో ఫాంటు అమరిక ఎలా?

టెక్స్ట్ ఎడిటర్‌లో తెలుగు ఫైలు తెరిచినప్పుడు అక్షరాలకు బదులు ఖాళీ గళ్లు కనిపిస్తే ఫైలు పాడైందని భావించనవసరం లేదు. సాధారణంగా పాఠం భద్రంగానే ఉంటుంది. దాన్ని చూపగల ఫాంటు మాత్రమే లోపిస్తుంది. ప్రశ్నార్థకాలు కనిపిస్తే పరిస్థితి వేరు. తెలుగుకు చోటులేని ఎన్‌కోడింగ్‌లో ఫైలును సేవ్ చేసినప్పుడు ప్రతి అక్షరం స్థానంలో ప్రశ్నార్థకమే నమోదవుతుంది. ఆ పాఠాన్ని ఏ ఫాంటూ తిరిగి తేలేదు. పూర్వపు నోట్‌ప్యాడ్ 'ఆన్సీ' ఎన్‌కోడింగ్‌నే ముందుగా ఎంచుకునేది. హెచ్చరిక వచ్చినా చదవకుండా 'ఓకే' నొక్కినవారు తక్కువేమీ కాదు. 2019 నాటి విండోస్ 10 నవీకరణతో నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8 ప్రామాణికమైంది.

యూనికోడ్‌లో తెలుగు విభాగం 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు, అంటే 128 స్థానాలు. కంటికి ఒకే అక్షరంగా తోచే 'క్షా' నిజానికి క, పొల్లు, ష, దీర్ఘం అనే 4 సంకేతాల వరుస. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున మొత్తం 12 బైట్లు. ఈ వరుసను ఒత్తుగా, గుణింతంగా మలిచేందుకు ఫాంటులోని నియమాలు, వాటిని అమలుచేసే షేపింగ్ ఇంజిన్ రెండూ అవసరం. ఫాంటు ఉన్నప్పటికీ ఒత్తులు విడిపోయి కనిపిస్తే లోపం ఇంజిన్‌లో వెతకాలి. ఈమ్యాక్స్ ఎడిటర్‌కు 27వ వెర్షన్ నుంచి హార్ఫ్‌బజ్ ఇంజిన్ తోడైంది.

వీఎస్ కోడ్ సెట్టింగులలోని 'ఫాంట్ ఫ్యామిలీ' గడిలో ఫాంట్ల పేర్లను కామాలతో వరుసగా ఇవ్వవచ్చు. ముందుగా కన్సోలాస్ వంటి సమవెడల్పు ఆంగ్ల ఫాంటు, దాని తర్వాత విండోస్‌లోని నిర్మలా యూఐ లేదా గూగుల్ ఉచితంగా అందించే నోటో సాన్స్ తెలుగు ఉండాలి. ఈ క్రమం ముఖ్యం. నిర్మలా యూఐలో ఆంగ్ల అక్షరాలు కూడా ఉన్నాయి. దాన్ని ముందుంచితే ప్రోగ్రాము వరుసల్లోని నిలువు అమరిక చెదురుతుంది. ఈమ్యాక్స్‌లో తెలుగు లిపికి మాత్రమే వర్తించేలా వేరే ఫాంటును నిర్దేశించవచ్చు. టెర్మినల్‌లో నడిచే విమ్‌లో ఫాంటు ఎంపిక విమ్‌ది కాదు, టెర్మినల్‌దే. అక్కడ ప్రతి అక్షరాన్నీ సమానమైన గడిలో ఇమిడ్చే పద్ధతి వల్ల తెలుగు తరచూ ఇరుకున పడుతుంది.

'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో 'వ' ఒత్తుగా మారకుండా నిలవడానికి కారణం పొల్లు తర్వాత ఉండే అదృశ్య సంకేతం, 200సీ. అనవసర ఖాళీలను తొలగించే కొన్ని ఉపకరణాలు దీన్నీ తుడిచివేస్తాయి.

పాత డీటీపీ ఫైళ్ల సంగతి పూర్తిగా భిన్నం. అను వంటి ఫాంట్లతో కూర్చిన పాఠంలో నిల్వ ఉండేది తెలుగు సంకేతాలు కావు, ఆంగ్ల అక్షరాలు, చిహ్నాలే. యూనికోడ్ ఫాంటు పెడితే అవి అర్థంలేని రాతగానే కనిపిస్తాయి. వాటిని కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులను మూలంతో సరిచూసుకోవాలి. అంతవరకు అసలు ఫైలును, ఆ పాత ఫాంటును రెండింటినీ తొలగించకూడదు.